బాటసారుల బస - షేక్‌పేట సరాయి

హోటళ్ళు లేని రోజుల్లో, గుర్రాల మీదా ఎడ్లబండ్ల మీదా ప్రయాణించే వారు రాత్రిపూట ఎక్కడ తల దాచుకునేవారు? మన దేశంలో సత్రాలు, సరాయిలు ఉండేవి. ఇంగ్లండులో 'ఇన్' అనే బసలు ఉండేవి. లండన్‌లోని జార్జ్ ఇన్ అలాంటిదే. 1676లో అది కాలిపోగా, 1677లో తిరిగి కట్టారు. దాని ముంగిట వాకిలి, వాకిలి వైపు కొయ్య వసారాలు నేటికీ ఉన్నాయి.

సూరారం నుంచి బాలానగర్ మీదుగా దక్షిణంగా వెళితే, గోల్కొండ కోటకు సమీపంలో షేక్‌పేట వస్తుంది. అక్కడ కుతుబ్‌షాహీల కాలం (1518-1687) నాటి సరాయి ఉంది. ఆ రోజుల్లో వజ్రాల కోసం దేశదేశాల వర్తకులు గోల్కొండకు వచ్చేవారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన టావెర్నియే వారిలో ఒకడు. ఈ సరాయి రెండంతస్తుల కట్టడం. మనుషులకు గదులు, గుర్రాలకూ ఒంటెలకూ శాలలు, పక్కనే మసీదు!

ఇంగ్లండులో ఓక్ కలప విరివిగా దొరికేది. మనకు దక్కను పీఠభూమి నిండా రాళ్ళే. అయితే రాయికి ఒక గుణం ఉంది. ఎంత బరువుతో నొక్కినా ఓర్చుకుంటుంది గాని, వంచితే విరుగుతుంది. అందుకే వెడల్పైన ద్వారాలకు కమానులు కట్టారు. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది. పైబరువు అలా రాయి నుంచి రాయికి జారి నేలను చేరుతుంది. కమాను పక్కలకు కూడా తోస్తుంది. వరుసలోని కమానులు ఒకదాని తోపుడును మరొకటి ఆపుతాయి. చివరి తోపుడును మందపాటి గోడ ఆపుతుంది.

మరి రాళ్ళను కలిపి పట్టి ఉంచేదేమిటి? డంగుసున్నం. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే సలసల కాగి తడిసున్నం అవుతుంది. దానిని ఇసుకతో కలిపి గానుగలో నూరుతారు. బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలపడం కూడా ఉంది. గోడలో చేరిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకుని, మళ్ళీ రాయిలా గట్టిపడుతుంది.

ఇలాంటి గోడకు సిమెంటు పూస్తే బలం వస్తుందనుకుంటారు చాలామంది. జరిగేది వేరు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు గోడ నేలలోని తేమను పీలుస్తుంది. సున్నపు పూతలోని సన్నని రంధ్రాల గుండా ఆ తేమ ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసివేస్తుంది. తేమతో వచ్చిన లవణాలు లోపలే స్ఫటికాలై సున్నాన్ని పొడి చేస్తాయి. అందుకే 2013లో మొదలైన కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతులో, పాత సిమెంటు పూతలను తొలగించి మళ్ళీ సున్నమే వాడారు.

మీ ఊళ్ళో పాత ఇంటి గోడ నుంచి తనంతట తాను రాలిన సున్నపు పెళ్ళ దొరికితే, దానిమీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి. బుడగలు వస్తాయి. ఎన్నో ఏళ్ళ క్రితం ఆ గోడ పీల్చుకున్న గాలే అది! పాత కట్టడాలను మాత్రం గీకవద్దు. మూడు వందల ఏళ్ళకు పైగా నిలిచిన గోడ మన గోటికి రాలిపోకూడదు కదా!