మీట నొక్కినా మేలుకోని కంప్యూటరు
బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి

మా పొలంలో బోరు మోటారు తిరగకపోతే నాన్న ఏనాడూ ముందుగా మోటారుని అనుమానించడు. టెస్టరు తీసుకుని మూడు ఫేజులూ వస్తున్నాయా లేదా అని చూస్తాడు. తరువాత ఫీజులు, ఆ తరువాత స్టార్టరు, ఆ పైన కేబులు అతుకులు. ఇవన్నీ బాగానే వున్నాయని తేలాకనే మోటారుని పైకి తీసే మాట ఎత్తుతాడు. ఎందుకంటే అంత లోతునుంచి పైపులతో సహా మోటారుని లాగాలంటే మనుషులు కావాలి, ఒక పూట పని, చేతినిండా ఖర్చు. తీరా తీశాక మోటారు శుభ్రంగా వుందని తెలిస్తే ఆ బాధ చెప్పనలవి కాదు.

మూడేళ్ళుగా ఎలక్ట్రానిక్సు చదువుతున్న నాకు ఈ సంగతి బోధపడడానికి ఒక కంప్యూటరు కట్టవలసి వచ్చింది, అది లేవకుండా మొండికేయవలసి వచ్చింది.

మిరపకాయలు అమ్మిన డబ్బులోంచి నాన్న 36,000 రూపాయలు నా చేతికిచ్చాడు. అది పొలంలో స్టార్టరు, కేబులు మార్చడానికి దాచిన డబ్బు. కట్టినది కొంటే ఏడెనిమిది వేలు ఎక్కువవుతుందనీ, విడిభాగాలు తెచ్చి నేనే బిగిస్తాననీ వాదించి ఒప్పించాను. నాకు ప్రాజెక్టు పని వుంది, ఇంటరు చదివే చెల్లెలికి పాఠాలున్నాయి. విజయవాడలో ఒక దుకాణంలో సామాను కొన్నాను. “ఏ పార్టన్నా పనిచేయకపోతే ఏడు రోజుల్లో తీసుకురండి, ఆ తరువాత కంపెనీవాళ్ళతో మీరే చూసుకోవాలి” అన్నారు వాళ్ళు.

శనివారం సాయంత్రానికి బిగింపు అయింది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. మీట నొక్కాను. ప్రాసెసరు మీది ఫ్యాను అరచుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే.

“ఎస్.ఎమ్.పి.ఎస్. పోయినట్టుంది నాన్నా, రేపు విజయవాడ వెళ్ళి మార్చుకొస్తాను” అన్నాను.

నాన్న మంచం మీంచి లేవకుండానే “ఏమేం చూశావురా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నేనేమీ చూడలేదు మరి.

అసలు మీట నొక్కాక కంప్యూటరులో ఏం జరుగుతుందో తెలుసుకుంటే సగం పని అయినట్టే. గోడ స్విచ్చి వేయగానే ఎస్.ఎమ్.పి.ఎస్. పూర్తిగా లేవదు. ఒక్క 5 వోల్టుల చిన్న సరఫరాను మాత్రం బోర్డుకి పంపుతూ కనిపెట్టుకుని వుంటుంది. మనం మీట నొక్కితే మదర్‌బోర్డు మీద రెండు చిన్న కాళ్ళు ఒక్క క్షణం కలుస్తాయి. అప్పుడు బోర్డు, ఎస్.ఎమ్.పి.ఎస్. నుంచి వచ్చే ఆకుపచ్చ తీగను భూమికి, అంటే నల్లతీగకు, కలుపుతుంది. అదే “లే” అనే పిలుపు. వెంటనే 12, 5, 3.3 వోల్టుల సరఫరాలు మొదలవుతాయి. అవి నిలకడ చెందాక, ఒక సెకనులో పదోవంతునుంచి సగం లోపల, బూడిదరంగు తీగ మీద “కరెంటు బాగుంది” అనే సంకేతం వెళ్తుంది. ఆ సంకేతం వచ్చేదాకా బోర్డు ప్రాసెసరుని లేవనివ్వదు. వచ్చాక బోర్డు మీది చిన్న చిప్పులో వ్రాసివున్న ఆదేశాలతో పని మొదలవుతుంది. ప్రాసెసరు, మెమరీ, తెరకు బొమ్మ పంపే భాగం, డిస్కు వరసగా పరీక్షకు వస్తాయి. ఈ స్వయంపరీక్షను పోస్టు అంటారు. 1981లో ఐ.బి.ఎమ్. వారు తెచ్చిన పి.సి.లో కూడా ఇది వుంది. అంతా బాగుంటే చిన్నగా ఒక్క కూత కూసేది. ఇప్పటి బోర్డులకి ఆ కూత పెట్టే బుల్లి స్పీకరు చాలాసార్లు వేరే కొనుక్కోవాలి. దాని బదులు కొన్ని బోర్డుల మీద నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏది వెలిగి ఆరకుండా వుంటే పరీక్ష అక్కడ ఆగిందని అర్థం.

ఇంట్లో కంప్యూటరు కట్టుకోవడం ఈనాటి ముచ్చటేమీ కాదు. 1975 జనవరి పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా వచ్చిన ఆల్టెయిర్ 8800ని కిట్టుగా తెప్పించుకుని ఔత్సాహికులు ఇళ్ళలో టంకం పెట్టుకుని కట్టుకున్నారు. దానికి మొదట వున్న మెమరీ 256 బైట్లు. తెర లేదు, కీబోర్డు లేదు. ముందువైపు మీటలు, దీపాలు మాత్రమే. పాపం వాళ్ళకి ప్రతి అతుకూ అనుమానమే. మనకి అతుకుల బాధ లేదు, బిగింపుల బాధే.

మా కంప్యూటరు సంగతికి వస్తాను. ఫ్యాను అరచుట్టు తిరిగి ఆగడం అంటే కరెంటు రాలేదని కాదు, వచ్చి వెనక్కి తగ్గిందని. ఎక్కడో షార్టు వుంటే ఎస్.ఎమ్.పి.ఎస్. తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. స్టార్టరులో ఓవర్‌లోడు రిలే పడిపోవడం లాంటిదే ఇది. రిలే పడితే రిలేని తిడతామా?

వైండింగు షాపు బాబాయి దగ్గర మల్టీమీటరు అడిగి తెచ్చాను. ఎస్.ఎమ్.పి.ఎస్. తీగలన్నీ బోర్డునుంచి విడదీసి, గోడ స్విచ్చి ఆపి, పెద్ద 24 కాళ్ళ ప్లగ్గులో ఆకుపచ్చ తీగకీ పక్కనే వున్న నల్లతీగకీ ఒక రాగితీగ ముక్క వంచి దూర్చాను. స్విచ్చి వేయగానే దాని ఫ్యాను తిరిగింది. మీటరు పెడితే 12.1, 5.05, 3.32 వచ్చాయి. ఇటూ అటూ నూటికి అయిదు వంతుల తేడా వుండవచ్చు, అంటే 12 బదులు 11.4 నుంచి 12.6 దాకా ఫరవాలేదు. ఈ పరీక్షలో ఎస్.ఎమ్.పి.ఎస్. లేస్తుందని మాత్రమే తెలుస్తుంది, బరువు మీద నిలబడుతుందని తెలియదు. ఆ తేడా నాకు తరువాత తెలిసివచ్చింది. కొన్నిటిలో తీగలన్నీ నల్లగానే వుంటాయి; అలాంటివాటికి పటం చూసుకోకుండా ఈ పని చేయవద్దు. ఎస్.ఎమ్.పి.ఎస్. డబ్బాని మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పవద్దు. 230 వోల్టుల ఏసీ శిఖరం 325 వోల్టులని మనం చదువుకున్నదే. లోపలి కెపాసిటరు దాదాపు ఆ మేరకు నిండి వుంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ప్రాణం తీసేంత పట్టుకుని వుంటుంది.

తరువాత మదర్‌బోర్డుని క్యాబినెట్టులోంచి పూర్తిగా తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదనే పెట్టాను. వెండిరంగు సంచీ మీద పెట్టకూడదు, దాని పైపొరలో కరెంటు కొద్దిగా పారే వీలుంది. ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒక్క ర్యాము ముక్క, తెర — ఇంతే వుంచాను. డిస్కు లేదు, ముందువైపు తీగలు లేవు. మీటకు బదులు ఆ రెండు కాళ్ళనీ స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణం తాకించాను.

ఫ్యాను తిరిగింది. ఆగలేదు. తెర మీద కంపెనీ పేరు వచ్చింది. చెల్లెలు చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఆశ్చర్యంగా వుంది. బోర్డు బాగుంది, ప్రాసెసరు బాగుంది, ఎస్.ఎమ్.పి.ఎస్. బాగుంది. మరి మిగిలిందేమిటి? వట్టి ఇనపడబ్బా!

టార్చిలైటు వేసి చూస్తే దొరికింది. బోర్డు డబ్బా గోడకు తగలకుండా కింద చిన్న ఇత్తడి స్తంభాలు బిగిస్తారు, వాటిని స్టాండాఫులంటారు. బోర్డులో ఎక్కడ కన్నాలున్నాయో అక్కడే అవి వుండాలి. మా క్యాబినెట్టుకి పెద్ద బోర్డుకి సరిపడే స్తంభాలు ముందే బిగించి వచ్చాయి. నేను కొన్నది చిన్న బోర్డు. కన్నం లేనిచోట ఒక స్తంభం మిగిలిపోయి బోర్డు వెనకవున్న టంకాలకి గుచ్చుకుంటోంది. శ్రావణంతో దాన్ని విప్పి, తిరిగి అంతా బిగించేసరికి రాత్రి ఒంటిగంట. ఆ ఇత్తడి ముక్క ధర రెండు రూపాయలుండదు. దాన్ని చూడకుండా విజయవాడ వెళ్ళివుంటే, కొత్త ఎస్.ఎమ్.పి.ఎస్. తెచ్చి, అదీ అరచుట్టు తిరిగితే బోర్డు మార్చి, అదీ తిరగకపోతే ప్రాసెసరు మార్చేవాణ్ణి. ఏడు రోజులూ అయిపోయేవి.

ఫ్యానులన్నీ హాయిగా తిరుగుతూ తెర మాత్రం చీకటిగా వుండడం ఇంకోరకం జబ్బు, ఇదే ఎక్కువమందికి వస్తుంది. ఇందులో మొదటి ముద్దాయి ర్యాము. రెండు చివరలా టక్కుమనేదాకా గట్టిగా నొక్కాలి. కొత్తవాళ్ళం బోర్డు విరుగుతుందని భయపడి సగంలో ఆపేస్తాం. నాలుగు గాళ్ళుండి రెండు ముక్కలే వుంటే, చాలా బోర్డులలో ప్రాసెసరు వైపునుంచి రెండవది, నాలుగవది వాడాలి. డి.డి.ఆర్.5 ర్యాము అయితే మొదటిసారి అది కుదురుకోవడానికి కొన్ని నిముషాలు కూడా పడుతుంది. ఆ చీకటిని చూసి కంగారుపడి ఆపేయకూడదు. రెండవ ముద్దాయి ప్రాసెసరు పక్కన పెట్టవలసిన 12 వోల్టుల నాలుగు లేక ఎనిమిది కాళ్ళ ప్లగ్గు. పెద్ద ప్లగ్గు పెట్టాం గదా అని దీన్ని మరచిపోతారు. గ్రాఫిక్సు కార్డు ప్లగ్గు కూడా చూడడానికి ఇలాగే వుంటుంది కాని లోపల 12 వోల్టులూ భూమీ తారుమారు. ఎక్కకపోతే బలవంతం చేయకూడదు.

మా హాస్టలు మిత్రుడొకడు ఈ చీకటి తెర వల్ల రెండుసార్లు ర్యాము మార్చాడు. అతనిది ఇంటెల్ వారి ఎఫ్ అక్షరంతో ముగిసే ప్రాసెసరు. వాటిలో బొమ్మ పంపే భాగం పనిచేయదు. తెర తీగను గ్రాఫిక్సు కార్డుకి పెట్టాలి. అతను మదర్‌బోర్డుకి పెట్టాడు. కంప్యూటరు మొదటిరోజునుంచీ లేస్తూనే వుంది, పాపం చెప్పుకోవడానికి నోరే లేదు. ఇంకొక చిక్కు బోర్డు వయసు. ఉదాహరణకి బి450 రకం బోర్డులు 2018లో వచ్చాయి, రైజెన్ 5600జి ప్రాసెసరు 2021లో వచ్చింది. దుకాణం అరలో చాలాకాలం వుండిపోయిన బోర్డు అయితే, అందులోని పాత బయోసుకి ఆ ప్రాసెసరు ఎవరో తెలియదు. రెండూ మంచివే, పరిచయం లేదు. దుకాణంలోనే బయోసు కొత్తది వేయించుకుంటే సరి. సెట్టింగులు చెడిపోయాయనిపిస్తే, ప్లగ్గు తీసి, బోర్డు మీద రూపాయిబిళ్ళలాంటి 3 వోల్టుల సీ.ఆర్.2032 బ్యాటరీని కాసేపు తీసి పెట్టవచ్చు.

మా కథ ఆదివారంతో అయిపోలేదు. సోమవారం సాయంత్రం ఏడు గంటలకి చెల్లెలు మీట నొక్కితే ఫ్యాను తిరగడం, ఆగడం, తిరగడం, ఆగడం. నా గుండె జారిపోయింది. పొద్దున్న రెండు గంటలసేపు పనిచేసిన మనిషి ఇది! మళ్ళీ ఇత్తడి స్తంభాలు చూశాను. మళ్ళీ బోర్డు బయటికి తీయబోతుంటే నాన్న పైకి చూపిస్తూ “ముందా ఫ్యాను చూడరా” అన్నాడు.

ఇంటికప్పుకున్న ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేటట్టు తిరుగుతోంది. మల్టీమీటరు గోడకి పెడితే 162 వోల్టులు. మా ఇల్లు ట్రాన్స్‌ఫార్మరుకి చిట్టచివర. ఊళ్ళో కూలర్లన్నీ వేసే వేళ అది. పాతరోజుల్లో అయితే బల్బు ఎర్రబడి చెప్పేది. ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బు ఓల్టేజి పడిపోయినా అలాగే వెలుగుతుంది, అందుకని నేను గమనించలేదు. ఎస్.ఎమ్.పి.ఎస్. మీది కాగితం చదివితే 200 నుంచి 240 వోల్టులని స్పష్టంగా వుంది. దానికన్నా తక్కువైతే, బరువు పడగానే లోపలి సరఫరా కుంగిపోతుంది, బూడిదరంగు తీగ సంకేతం నిలవదు, ప్రాసెసరు లేవదు. శనివారం బరువు లేకుండా కొలిచినప్పుడు ఇది కనబడకపోవడంలో వింతేముంది? 100 నుంచి 240 దాకా తీసుకునేవి కూడా దొరుకుతాయి. నేను వాట్లు చూశాను, ధర చూశాను, ఆ ఒక్క వరస చూడలేదు. అటక మీదున్న పాత టీవీ స్టెబిలైజరు దించి, దాని సామర్థ్యం చాలునని చూసుకుని పెడితే కంప్యూటరు మొదటి నొక్కుకే లేచింది.

లేచాక డబ్బా మీద చెయ్యి వేసిన చెల్లెలు “అన్నయ్యా, జిల్లుమంటోంది” అంది. టెస్టరు పెడితే వెలిగింది. ఎస్.ఎమ్.పి.ఎస్. మొదట్లో వుండే చిన్న కెపాసిటర్లు ఫేజునీ న్యూట్రలునీ డబ్బాకి కలుపుతాయి. ఎర్తు లేకపోతే డబ్బా మీద దాదాపు సగం ఓల్టేజి తేలుతుంది. కరెంటు బహు స్వల్పం కాబట్టి మనిషికి జిల్లుమనడమే, కాని భాగాలకి మంచిది కాదు, పైగా నిజంగా ఫేజు డబ్బాకి తగిలిననాడు ఆపేది ఎర్తు ఒక్కటే. గోడ సాకెట్టు విప్పితే పైనున్న పెద్ద కన్నానికి తీగే లేదు. మోటారు షెడ్డు దగ్గర గుంత తీసి, బొగ్గు, ఉప్పు వేసి, ఇనపగొట్టం దింపి ఎర్తు చేసిన నాన్నకి, ఇంటికి అది లేదన్న సంగతి ఇరవై ఏళ్ళుగా తట్టలేదు. నాకూ తట్టలేదు, నేనయితే దాన్ని పరీక్షల్లో మార్కులకి వ్రాశాను కూడా.

ఆరవరోజున విజయవాడ వెళ్ళి, మరో 900 రూపాయలు కట్టి, 100 నుంచి 240 వోల్టుల ఎస్.ఎమ్.పి.ఎస్.కి మార్చుకున్నాను. నేను తిరిగివచ్చేసరికి నాన్న పెరట్లో గుంత తవ్వి గొట్టం దింపేశాడు. ఎండాకాలంలో ఆ గుంత ఎండిపోతే ఎర్తు పట్టదని చెల్లెలికి చెప్పాను. రోజూ పొద్దున్నే తులసికోటకి పోయగా చెంబులో మిగిలిన నీళ్ళు దాంట్లో పోస్తోంది.