కారణమెవరు? కారకుడెవరు?

పాలంపేట మొదలు గోదావరి ఒడ్డు వరకు ములుగు ప్రాంతమున మిరప కోతలకై ఛత్తీస్‌గఢ్ నుండి ఆదివాసులు ఏటేట వత్తురు. వారిని కూర్చి తెచ్చు మేస్త్రీలును కలరు. 2020లో అట్లు వచ్చిన పండ్రెండేండ్ల బాలిక, లాక్‌డౌన్ వలన బస్సులు, రైళ్లు నిలిచిపోగా, తోటివారితో బీజాపూర్ జిల్లాలోని స్వగ్రామమునకు కాలినడకన బయలుదేరినది. మూడు దినములలో నూరు కిలోమీటర్లకు పైగా నడచి, ఇల్లు చేరకయే ఏప్రిల్ 18న మరణించినది. కరోనా లేదని పరీక్షలో తేలినది. ఒంటిలో నీరు, లవణములు క్షీణించుటయు, అలసటయు కారణములని వైద్యులు చెప్పిరి.

వైద్యుడు చెప్పిన కారణము వేరు. చట్టము వెదకు కారకుడు వేరు. తెచ్చినవాడా? పనిలో పెట్టుకొన్నవాడా? రాకపోకలను ఆపిన ఉత్తర్వా?

మన తార్కికులు ఈ చిక్కును ఏనాడో గుర్తించిరి. కుండకు కుమ్మరి కారణము. కుమ్మరి తండ్రి లేనిదే కుమ్మరి లేడు. అయినను తండ్రిని కుండకు కారణమనరు. అట్టివానిని 'అన్యథాసిద్ధము' అందురు.

మన న్యాయస్థానముల మార్గమును ఇట్టిదే. నిర్లక్ష్యము వలన మరణము కలిగెననుటకు, ఆ నిర్లక్ష్యమే సన్నిహితమై, సమర్థమైన కారణము కావలెనని, మరియొకరి నిర్లక్ష్యము నడుమ జొరబడరాదని 1902లో బొంబాయి హైకోర్టు చెప్పినది. బొంబాయి రంగుల కర్మాగారమున ఏడుగురు పనివారు అగ్నికి ఆహుతియైన కేసులో 1964లో సుప్రీంకోర్టు దీనినే అనుసరించినది. మండెడు సరకుల చెంత పొయ్యిలు పెట్టనిచ్చిన యజమాని తప్పు నిలిచినది. కాని నిప్పంటుకొనుటకు ప్రత్యక్ష కారణము పనివాని తొందరపాటు గనుక, మరణముల నేరము నిలువలేదు.

శిక్షలో భేదము స్వల్పము కాదు. నిర్లక్ష్యము వలని మరణమునకు పాత శిక్షాస్మృతిలో గరిష్ఠ శిక్ష రెండేండ్లు. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో సాధారణముగా అయిదేండ్లు. మనుష్యుల అక్రమ రవాణా వ్యవస్థీకృత నేరమై, దాని ఫలితముగా మరణము సంభవించినచో, ఉరి గాని యావజ్జీవము గాని విధింపవచ్చును. 'ఫలితముగా' అను మాటకు హద్దు ఎక్కడ?

అమెరికాలో ఈ మాటపైననే వాదములు జరిగినవి. 'ఈ పని జరుగకున్నచో ఈ మరణము లేదు' అని రుజువు కావలెనని 2014లో ఒక మాదకద్రవ్యముల కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. మనుష్యులను దొంగతనముగా సరిహద్దు దాటించు కేసులలో శిక్ష పెంచుటకు ఆ రుజువే చాలునని, మరణమును ముందుగా ఊహింపగలిగి యుండనక్కరలేదని, టెక్సాస్ మొదలగు రాష్ట్రముల అప్పీలు న్యాయస్థానము నిర్ణయించినది. 2022 జనవరిలో గుజరాతుకు చెందిన నలుగురు, అందులో ఇద్దరు పిల్లలు, కెనడా సరిహద్దున మంచులో గడ్డకట్టి మరణించిరి. వారి ప్రయాణమునకు ఏర్పాటు చేసిన ఇరువురికి 2025 మే నెలలో మిన్నెసోటాలో ఒకనికి పదేండ్ల ఒక నెల, రెండవవానికి ఆరున్నరేండ్ల శిక్ష పడినది.

కొలత సడలినచో కుమ్మరి తండ్రికిని శిక్ష తప్పదు. మిక్కిలి బిగిసినచో, చేతులెక్కువైన వ్యాపారమున ఎవరును దొరకరు. ఆ బాలిక విషయమున బస్సు ఖర్చు ఈయకపోవుట కారణమనుట కష్టము, బస్సులే లేవు. కాని అప్పుడు అమలులో నుండిన 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము వర్తించినచోట, వసతి, వైద్యము కల్పించుట కంట్రాక్టరు విధియై యుండెను. చట్టవిరుద్ధముగా విధిని విడుచుటయు చేసిన పనితో సమానమని శిక్షాస్మృతియే చెప్పుచున్నది. కనుక అడుగవలసిన ప్రశ్న ఇది: ఉన్నచోటనే తిండి, నీడ దొరకియున్నచో ఆ నడక జరిగెడిదా?

దీనికి ఉత్తరము సాక్ష్యము మీద ఆధారపడును. ఎవరు, ఎవరిని, ఏ వయస్సువారిని, ఏ కూలికి తెచ్చిరో పట్టీలో వ్రాసియుండనిచో ఏ న్యాయమూర్తియు కారణపు గొలుసును కూర్పజాలడు. కోతలకు కూలీలను పిలుచు గృహస్థులు ఆ పట్టీని అడుగవలెనని, పద్నాలుగేండ్లు నిండని పిల్లలను పనికి ఒల్లమనవలెనని మా మనవి.