కంటికి కనబడని వాయువును గుర్తించుట

ఘనపదార్థమును చేతబట్టి చూడవచ్చును. ద్రవమును పాత్రలో పోసి పరీక్షింపవచ్చును. వాయువుల విషయమున ఈ సౌకర్యము లేదు. ఒక గాజుబుడ్డిలో రంగు, వాసన లేని వాయువు ఉన్నదనుకొందము. పేరు వ్రాసిన చీటీ ఊడిపోయినది. అందున్నది దినమంతయు మనము పీల్చి విడుచుచున్న నత్రజని కావచ్చును. మనిషిని సడిలేకుండ చంపగల కార్బన్ మోనాక్సైడు కావచ్చును. చూపునకు రెండును ఒక్కటే. వీనిని శాస్త్రజ్ఞులు ఎట్లు వేరుపరతురో పరిశీలింతము.

మొదట భౌతిక ధర్మములు. కొన్ని వాయువులు తమ గుట్టును తామే బయటపెట్టును. క్లోరిన్‌కు ఆకుపచ్చ కలసిన పసుపు రంగు. అమోనియా ఘాటును ఒకసారి ఎరిగినవారు మరువరు. హైడ్రోజన్ సల్ఫైడునకు కుళ్లిన గ్రుడ్ల వాసన. కాని ముక్కును పూర్తిగా నమ్మరాదు. ఈ చివరి వాయువు గాలిలో అధికమైనచో వాసన పట్టు శక్తియే మొద్దుబారును. వాసన పోయినది గదా, అపాయము తప్పినదని తలచుటయే అప్పుడు పెద్ద అపాయము. అందుచేతనే ప్రయోగశాలలో బుడ్డికి ముక్కు ఆనింపరు. అవసరమైనచో చేతితో కొంచెము గాలిని తమవైపు విసరుకొందురు.

తరువాత నీటిలో కరగు గుణము. సాధారణ ఉష్ణోగ్రతయందు లీటరు నీరు సుమారు 700 లీటర్ల అమోనియాను తనలో కలుపుకొనును. నత్రజనిని లీటరులో యాభయవ వంతు కూడ కలుపుకొనదు. ఇక సాంద్రత. 0 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, సాధారణ వాతావరణ పీడనమున లీటరు ఉదజని 0.09 గ్రాములు, ఆమ్లజని 1.43 గ్రాములు, బొగ్గుపులుసు గాలి 1.98 గ్రాములు తూగును. ఇంతటితో మన సందేహము తీరినదా? తీరలేదు. లీటరు నత్రజని 1.25 గ్రాములు, కార్బన్ మోనాక్సైడును 1.25 గ్రాములే!

ఇచ్చట రసాయన పరీక్ష సహాయమునకు వచ్చును. కార్బన్ మోనాక్సైడు నీలిమంటతో మండును. మండగా పుట్టిన వాయువు సున్నపు తేటను పాలవలె తెల్లబరచును. నత్రజని తాను మండదు, మంటను నిలువనీయదు. చిక్కుముడి విడినది.

అయితే రసాయన పరీక్షలకును తోడు కావలెను. కొనయందు నిప్పున్న పుల్ల భగ్గున మండినచో ఆమ్లజని అందురు. కాని నైట్రస్ ఆక్సైడులో కూడ అది అట్లే మండును. అప్పుడు కొంచెము నైట్రిక్ ఆక్సైడును కలిపి చూడవలెను. ఆమ్లజని ఐనచో గోధుమరంగు పొగలు పుట్టును. రెండవది ఐనచో పుట్టవు. సున్నపు తేటను బొగ్గుపులుసు గాలియే కాదు, సల్ఫర్ డయాక్సైడును తెల్లబరచును. కాని పర్మాంగనేటు ద్రావణపు ఊదారంగును పోగొట్టునది రెండవది మాత్రమే. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదన్న న్యాయము ఇచ్చటను వర్తించును.

ఈ న్యాయమును విస్మరించినందువలన ఒక మూలకము శతాబ్దమునకు పైగా మరుగున ఉండిపోయెను. గాలినుండి ఆమ్లజని, బొగ్గుపులుసు గాలి, తేమ తీసివేయగా మిగిలినదంతయు నత్రజనియే అనుకొనుచుండిరి. అనగా నత్రజనిని అది చేయు పనినిబట్టి గాక, చేయని పనులనుబట్టి గుర్తించుచుండిరి. 1785లో కావెండిష్ గాలిలోని నత్రజనిని విద్యుత్ స్ఫులింగములచే ఆమ్లజనితో సంయోగింపజేయగా, ఎంతకును లొంగని చిన్న బుడగ ఒకటి మిగిలినది. అది మొత్తములో 120వ వంతునకు మించదని ఆయన వ్రాసెను. ఆ బుడగను ఎవరును పట్టించుకొనలేదు.

1892లో రేలీ ప్రభువు నత్రజనిని అతిజాగ్రత్తగా తూచెను. గాలినుండి తీసినది లీటరు 1.257 గ్రాములు; అమోనియా వంటి సమ్మేళనములనుండి తీసినది 1.251 గ్రాములు. భేదము నూటికి అర పాలు మాత్రమే. ఆయన దానిని త్రోసివేయలేదు. రాంసే పండితుడు గాలినుండి తీసిన నత్రజనిని కాగిన మెగ్నీషియంపై పదేపదే పోనిచ్చెను. నత్రజని లోహముతో కలసిపోగా బరువైన వాయువు కొంచెము మిగిలినది. అది దేనితోను సంయోగము చెందలేదు. దాని వర్ణపటములోని గీతలు తెలిసిన ఏ మూలకపు గీతలకును సరిపడలేదు. 1894లో ప్రకటింపబడిన ఆ వాయువే ఆర్గాన్. గ్రీకు భాషలో సోమరి అని అర్థము. మనము పీల్చు గాలిలో నూటికి 0.93 పాళ్లు అదియే.

వర్ణపట పరీక్షకు మన ఆంధ్రదేశముతోను సంబంధము కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ సమయమున గుంటూరునందు జాన్సెన్, మచిలీపట్నమునందు పాగ్సన్ సూర్యునినుండి ఎగయు జ్వాలలను వర్ణపటదర్శినితో పరిశీలించిరి. ఆ జ్వాలల కాంతిలోని పసుపు గీత ఒకటి సోడియం గీతలకు సరిపోదని ఆ సంవత్సరమే లాకియర్ ఇంగ్లండులో తేల్చెను. 1895లో రాంసే ఒక యురేనియం ఖనిజమునుండి వెలువరించిన వాయువులో అదే గీత కనబడినది. సూర్యునిలో పోల్చుకొన్న హీలియం భూమిపై చేతికి చిక్కినది.

ఈ విచారణ పండితులకే పరిమితము కాదు. పాడుబడిన బావిలోనికి, ధాన్యపు పాతరలోనికి దిగుటకు ముందు దీపమును దించి చూచు అలవాటు మన గ్రామములలో కలదు. దీపము ఆరినచో ఎవరును దిగరాదు. అంతవరకు ఆ పరీక్ష సత్యమే. కాని దీపము వెలుగుచున్నంత మాత్రమున లోపల క్షేమమని అనుకొనరాదు. కార్బన్ మోనాక్సైడు ప్రాణము తీయు మోతాదులో ఉన్నను దీపము వెలుగుచునే ఉండును. మీథేను ఉన్నచో ఆ దీపమే ప్రేలుడునకు కారణమగును. దీపమునకు తెలిసినది ఒక్క ప్రశ్నకు సమాధానము మాత్రమే. తగిన పరికరములతో గాలిని పరీక్షించి, బాగుగా గాలి ఆడునట్లు చేసి, పైన మనుషులు త్రాడు పట్టుకొని ఉండగా దిగవలెను. లోపల ఒకరు పడిపోయినచో తొందరపడి వెంట మరియొకరు దిగుట రెండవ ప్రాణమును కూడ పణముగా ఒడ్డుట.