వ్రాసిన చేతిదే యాజమాన్యము

నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో పూర్వము పహాణీ లెక్కలను పట్వారీ వ్రాసెడివాడు. భూమి రైతుదైనను లెక్క పట్వారీ చేతిలో నుండుటచే, ఒక్క యక్షరము దిద్దవలెనన్నను రైతు అతని గడప త్రొక్కవలసివచ్చెడిది. 1984లో ఆ యుద్యోగము రద్దయ్యెను. అట్టి చిక్కు కంప్యూటరులో నేటికిని గలదు.

లినక్సు యంత్రములో ప్రతి ఫైలునకును ఒక యజమానియు, ఒక బృందమును ఉండును. వెబ్‌సైటు స్క్రిప్టు ఒక ఫైలును సృష్టించినచో, దానికి యజమాని స్క్రిప్టును కూర్చినవాడు కాడు. సర్వరు ఏ పేరుతో దానిని నడపుచున్నదో ఆ పేరే. రెడ్‌హ్యాట్ పద్ధతిలో అది 'అపాచీ'. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడపుటకు 1 అని లెక్క. సామాన్యముగా క్రొత్త ఫైలునకు 644 అనుమతి: యజమాని వ్రాయవచ్చును, తక్కినవారు చదువ మాత్రమే వచ్చును. కావున సైటు సొంతదారుడే తన ఫైలును దిద్దలేక తెల్లబోవును.

కొందఱు విసిగి 777 అని అందఱికిని సర్వహక్కుల నిత్తురు. అది ఊరి దస్త్రమును రచ్చబండపై పఱచి పోవుటయే. ఆ యంత్రములో ఖాతా గల యెవ్వడైనను దానిని మార్చవచ్చును.

మంచి మార్గము వేఱు. సర్వరును, సొంతదారుని ఒకే బృందమున జేర్చి, ఫోల్డరును ఆ బృందమునకు అప్పగించి, 2775 అనుమతి నీయవలెను. మొదటి 2 వలన అందు పుట్టు ఫైళ్లు ఆ బృందమునకే చెందును. ఇరువురి యుమాస్కును 002 చేసినచో ఇరువురును వ్రాయగలరు, పరులు వ్రాయజాలరు.

లెక్క పుట్టకమునుపే దిద్దు హక్కు ఎవరిదో నిర్ణయించుట క్షేమము.