కృత్తికల పేరు పెట్టుకున్న కారు

పిల్లలూ! కార్తీక మాసంలో చీకటి పడ్డాక తూర్పు కేసి చూస్తే, చిన్న చిన్న నక్షత్రాలు ఒకే గుంపుగా కనిపిస్తాయి. పంచాంగంలో వాటి పేరు కృత్తికలు. పల్లెల్లో పిల్లలకోడి అంటారు. జపానువాళ్లు వాటినే సుబారు అంటారు. ఆ మాటకు ఒకచోట కూడటం అని అర్థం. ఇప్పుడు మీకు చెప్పబోయేది నక్షత్రాల సంగతి కాదు, వాటి పేరు పెట్టుకున్న ఒక బుల్లి కారు సంగతి. దాని పేరు సుబారు 360.

ఈ కారు చేసినవాళ్లు అసలు కార్లవాళ్లే కారు! విమానాలవాళ్లు. నకాజిమా చికుహే అనే ఆయన 1917లో విమానాల కర్మాగారం ఒకటి మొదలుపెట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ సంస్థ జపాను సేనలకు వేలకొద్దీ యుద్ధవిమానాలు చేసి ఇచ్చింది. 1945లో జపాను ఓడిపోయింది. ఇక జపాను విమానాలే తయారు చెయ్యరాదని గెలిచిన దేశాలు శాసించాయి. ఆ నిషేధం 1952 దాకా ఉన్నది.

చేతిలో విద్య ఉన్నది. చెయ్యటానికి పని లేదు. వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. గింగా అనే బాంబరు విమానాల తోకచక్రాలు గిడ్డంగుల్లో మిగిలిపోయి ఉన్నాయి. 1946లో ఆ చక్రాలనే బిగించి ఒక స్కూటరు చేశారు. దానికి రాబిట్, అంటే కుందేలు, అని పేరు పెట్టారు. బాంబులు మోసిన చక్రాలు ఊళ్లో మనుషులను మొయ్యసాగాయి!

తరవాత ఆ పెద్ద సంస్థను పన్నెండు ముక్కలు చేశారు. 1955లో వాటిలో అయిదు మళ్లీ ఫ్యూజీ హెవీ ఇండస్ట్రీస్ అనే పేరు కింద ఒకటయ్యాయి. అందుకే సుబారు కార్ల గుర్తులో ఒక పెద్ద చుక్క, అయిదు చిన్న చుక్కలు ఉంటాయి. ఒకచోట కూడటమంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది కదా?

ఆ రోజుల్లో జపానులో మామూలు కుటుంబానికి కారు కలలోని మాట. 1955లో వచ్చిన టొయోటా క్రౌన్ కారు ధర పది లక్షల యెన్‌లకు పైమాటే. ప్రభుత్వం చిన్న కార్లకు పన్నులు తగ్గించింది. కాని ఒక కొలత పెట్టింది: కారు పొడవు 3 మీటర్లు, వెడల్పు 1.3 మీటర్లు, ఇంజను 360 సి.సి. వీటిని మించరాదు. కారు పేరులోని 360 అక్కడినుంచి వచ్చిందే.

ఒక పని చెయ్యండి. బడి ఆవరణలో సుద్దముక్కతో 3 మీటర్ల పొడవు, 1.3 మీటర్ల వెడల్పు గల గడి గియ్యండి. అందులో నలుగురు పెద్దవాళ్లను ముందు ఇద్దరు, వెనక ఇద్దరుగా కూర్చోబెట్టండి. అప్పుడే ఇరుకైపోతుంది. ఇంకా ఇంజను, పెట్రోలు టాంకీ, నాలుగు చక్రాలు ఎక్కడ పెడతారు?

సరిగా ఈ చిక్కే మొమోసె షిన్‌రోకు అనే ఇంజనీరుకు ఎదురైంది. ఆయన విమానశాస్త్రం చదివి, యుద్ధకాలంలో విమానాల ఇంజన్ల మీద పనిచేసినవాడు. ఆయన యంత్రంతో మొదలుపెట్టలేదు. ముందుగా నలుగురు పెద్దవాళ్లు సుఖంగా కూర్చునే చోటు నిర్ణయించి, మిగిలిన చోటులో యంత్రాన్ని ఇరికించాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

చోటు ఒక చిక్కు అయితే, బరువు మరొకటి. నేను లెక్కల మాస్టరును గనక చిన్న లెక్క చెప్పక మానను. నలుగురి బరువు కలిపి 240 కిలోలు అనుకుందాం. క్రౌన్ కారు సుమారు 1,200 కిలోలు. దానికి ఈ నలుగురూ అయిదో వంతు. బుల్లి కారుకు మొత్తం 16 గుర్రాల శక్తే ఉన్నది. కారే బరువైతే ఇక మనుషులను ఎలా లాగుతుంది? అందుచేత విమానాలవాళ్ల గుణం పైకి వచ్చింది. విమానం చేసేవాడు ప్రతి తులం లెక్కచూస్తాడు!

కోడిగుడ్డును అరచేతిలో పెట్టి చుట్టూ సమంగా నొక్కి చూడండి. పెంకు పల్చనిదే, అయినా అంత తేలిగ్గా పగలదు. గుండ్రని ఆకారం ఒత్తిడిని అన్ని వైపులకూ పంచుతుంది. విమానం ఒళ్లు కూడా అటువంటిదే. సుబారు కారుకు అడుగున బరువైన చట్రం లేదు. గుడ్డుపెంకులాటి ఒళ్లే చట్రం. రేకు మందం 0.6 మిల్లీమీటర్లే. పైకప్పుకు రేకు కూడా కాక, గాజునూలు కలిపిన ప్లాస్టిక్కు వాడారు. ఇంజనును వెనక పెట్టారు. దానితో, ముందునుంచి వెనక చక్రాలదాకా పోయే పొడుగాటి ఇనప కడ్డీ అక్కరలేకపోయింది. నేల చదునైంది, కాళ్లకు చోటు కలిసివచ్చింది. ఇంజనుకు చల్లబరిచే నీళ్లు లేవు, గాలే చాలు. చివరకు కారు 385 కిలోలు తూగింది. ఇప్పుడు అయిదో వంతు లెక్కను మీరే మళ్లీ వేసి చూడండి.

తూకం సరిపోతే చాలదుగా! ఓతా పట్టణానికి దగ్గరలో అకాగి అనే కొండ ఉన్నది. దాని గతుకుల మట్టిదారిలో నమూనా కారును ఎక్కించి చూశారు. ఇంజను వేడెక్కిపోయేది. విప్పటం, సవరించటం, మళ్లీ ఎక్కించటం!

1958 మార్చి 3న కారును లోకానికి చూపారు. ధర 4,25,000 యెన్‌లు. గంటకు 83 కిలోమీటర్ల వేగం. దాని గుండ్రని రూపం చూసి జనం తెంతోముషి అని ముద్దుపేరు పెట్టారు. అంటే మన అక్షింతల పురుగు!

అయితే తేలికతనంలో లోటు కూడా ఉన్నది. 1968లో మాల్కమ్ బ్రిక్లిన్ అనే వ్యాపారి ఈ కార్లను అమెరికాకు తెప్పించాడు. వెయ్యి పౌన్లకు తక్కువ తూగే బండికి అప్పట్లో అక్కడి రక్షణ నియమాలు వర్తించేవి కావు. ఆ సందు చూసే తెచ్చాడు. కాని అక్కడ దారుల నిండా దీనికి నాలుగయిదింతలు తూగే కార్లు. వస్తువులను పరీక్షించి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక, 1969లో ఇది ఎంతమాత్రం తగదని తేల్చింది. ఆ తీర్పు న్యాయమైనదే. ఇరుకు వీధులకోసం పుట్టిన బండిని వేగంగా పోయే రాజమార్గాల మీదికి తోలటం దాని తప్పా, తోలినవాడి తప్పా?

జపానులో మాత్రం దీన్ని ఓడించింది మరో బుల్లి కారే. 1967లో హోండా ఎన్ 360 వచ్చింది. దానికి 31 గుర్రాల శక్తి, ధరా తక్కువ. సుబారు 360 తయారీ ఆగేసరికి సుమారు 3,92,000 కార్లు బయటికి వచ్చాయి.

అక్కడి కొలతలు కాలక్రమాన పెరిగాయి. ఇంజను ఇప్పుడు 660 సి.సి. దాకా ఉండవచ్చు. ఆ బుల్లి కార్ల కులానికి చెందినదే సుజుకీ వారి ఫ్రాంటె. దాన్ని ఆధారం చేసుకుని, కొంచెం పెద్ద ఇంజనుతో, 1983 డిసెంబరులో మన దేశంలో వచ్చినదే మారుతీ 800. దాని తయారీ 2014లో ఆగింది. మీ వీధిలో ఎవరి ఇంటిముందైనా ఒకటి కనిపిస్తే, అడిగి, టేపు పెట్టి కొలవండి. మూడున్నర మీటర్లు కూడా ఉండదు.