పాత టెలివిజను పెట్టె, కంపెనీ యిల్లు

మన పల్లెలలో పాత యిల్లు అనగా తాత కట్టించినది, తండ్రి పెంకు మార్పించినది, మనుమడు సున్నము వేయించినది. దాని దూలమునకు, గడపకు, పెరటి వేపచెట్టుకు ఒక్కొక్క కథ ఉండును. బొగ్గుగనుల ప్రాంతమున ఈ మాట చెల్లదు. మందమర్రిలో గాని, బెల్లంపల్లిలో గాని, గోదావరిఖనిలో గాని పుట్టి పెరిగినవారిని మీ పాత యిల్లు ఏది అని అడిగినచో, పెక్కుమంది ఒక క్వార్టరు నంబరు చెప్పుదురు. ఆ యిల్లు వారిది కాదు. ఉద్యోగమున్నన్నాళ్లు కంపెనీ ఇచ్చినది. పదవీ విరమణ తరువాత తాళపుచెవి తిరిగి అప్పగించవలసినది. ముప్పది ఏండ్లు కాపురము చేసి, పిల్లల పెండ్లిండ్లు చేసిన యిల్లు కొలది దినములలో ఇంకొకరి పేరున నమోదగును.

అందుచేత ఇచటి కుటుంబముల జ్ఞాపకములు గోడలను పట్టుకొని నిలువజాలవు. యిల్లు విడుచునపుడు వెంట తీసికొనిపోయిన సామానును పట్టుకొని నిలుచును. ఆ సామానులో పెద్దపీట పాత టెలివిజను పెట్టెది. నాలుగు కాళ్లపై నిలిచి, ముందు కొయ్య తలుపులతో, ఆ తలుపులకు తాళముతో వచ్చిన ఆ పెట్టెలను నేడు శ్రద్ధతో వెదకి తెచ్చుకొనువారు కలరు. అవి మన యిళ్లకు ఎట్లు వచ్చినవి, ఎచట దొరకును, దొరికినది మంచి స్థితిలో ఉన్నదో లేదో ఎట్లు తెలియును, పెట్టెతోపాటు ఇంకేమి దాచుకొనవలెను అను నాలుగు సంగతులను శ్రోతలకు మనవి చేయదలచినాము.

ముందుగా ఊరి సంగతి. ఇల్లెందు ప్రాంతమున బొగ్గు ఉన్నదని 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ గుర్తించినాడు. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందినది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. క్రమముగా గనులు గోదావరి లోయవెంట ఉత్తరమునకు సాగి బెల్లంపల్లి, మందమర్రి ప్రాంతములకు చేరినవి. ఒకనాడు ఆదిలాబాదు జిల్లాలోనిదై, 2016 నుండి మంచిర్యాల జిల్లాలో ఉన్న మందమర్రి ఇట్లు బొగ్గు బాయిల ఊరైనది. కరీంనగరు, వరంగల్లు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలనుండి వచ్చి తట్ట, చెమ్మసు పట్టినవారికి కంపెనీ వరుసలు వరుసలుగా యిళ్లు కట్టించినది. ఒకే కొలత గదులు, ఒకే రంగు గోడలు, ఒకే తీరు వాకిళ్లు.

ఇక టెలివిజను. మన దేశమున అది 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైనది. తెలుగునేలపై దాని తొలి రూపము 1975 ఆగస్టు 1న మొదలై ఒక సంవత్సరము నడచిన ఉపగ్రహ విద్యా ప్రసార ప్రయోగము. ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశు గ్రామములును ఉండెను. ఆ గ్రామములలో నిలిపిన టెలివిజనులను తయారుచేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. 1982 ఆగస్టు 15న రంగులు వచ్చినవి. 1983 నవంబరు 14న శాంతి స్వరూప్ గారు తొలి తెలుగు వార్తలు చదివినారు; 2024లో వారు కన్నుమూసినపుడు పాత తరమువారు తమ యింటి మనిషిని పోగొట్టుకొన్నట్లు బాధపడినారు.

అయితే హైదరాబాదు బొమ్మ నేరుగా మందమర్రికి అందదు. టెలివిజను తరంగము చూపువలె సూటిగా పోవును. భూమి వంపును దాటి రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము రాజాలదు. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహము ఎగిరిన పిమ్మట, 1984లో దేశమంతట చిన్న చిన్న రిలే కేంద్రములు వెలసిన తరువాతనే దూరపు ఊళ్లకు టెలివిజను దగ్గరైనది. సరిగా ఆ కాలముననే, 1983లో, రామగుండము జాతీయ థర్మల్ విద్యుత్ కేంద్రములో మొదటి యూనిట్ నడచినది. సింగరేణి బొగ్గు అచట విద్యుత్తుగా మారి దక్షిణాది రాష్ట్రములకు పోవుచుండగా, ఆ బొగ్గు త్రవ్విన చేతులు సాయంకాలము ఇంటికి వచ్చి టెలివిజను మీట త్రిప్పుచుండెను. తన చెమట ఎచటికి పోయినదో గని కార్మికుడు కంటితో చూచుకొనుటకు ఇంతకంటె దగ్గరి దారి ఏది?

ఒక వరుసలో మొదటి టెలివిజను వచ్చిన యిల్లు ఆ వరుసకంతకు చావడి అయ్యెడిది. అంతకుముందు రేడియో నిలిచిన గూటి పక్కననే దానికి చోటు దొరికినది; రేడియోపై కప్పిన అల్లికగుడ్డయే పెద్దదై దీనిపైకి వచ్చినది. ముందుగది నిండి, వాకిలి నిండి, కిటికీ ఊచల వెలుపల పిల్లల ముఖములు వరుసగా నిలిచెడివి. గనులలో పని మూడు షిఫ్టులుగా సాగును. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి లోపలిగదిలో నిద్రించుచున్నచో ధ్వని పూర్తిగా తగ్గించి బొమ్మ మాత్రము చూచెడివారు. ఆదివారము గనులకు సెలవు. గనిభాషలో దానిని ప్లేడే అందురు. 1987 జనవరి 25 మొదలు 1988 జూలై 31 వరకు రామాయణము ఆదివారము ఉదయముననే వచ్చుటచే ప్లేడే డ్యూటీ పడినవారు దానిని నష్టముగా తలచెడివారు. శుక్రవారపు చిత్రలహరికి వంట ముందే ముగిసెడిది. ఈ సంగతులు ఏ కంపెనీ దస్తరములోను ఉండవు. ఆ పెట్టెను చూచినపుడే అవి నోటికి వచ్చును.

ఆ పెట్టె లోపల జరుగు పని తెలిసినచో దానిని కాపాడుట సులువు. పెద్ద గాజుబుడ్డి ఒకటి ఉండును. అందులో గాలి ఉండదు. సన్నని మెడలోని లోహపు ముక్క వేడెక్కి ఎలక్ట్రానులను వెదజల్లును. వేల వోల్టుల బలముతో లాగబడి అవి తెరవైపు దూకును. మెడచుట్టు ఉన్న తీగచుట్టలు వానిని అయస్కాంతశక్తితో ఎడమకు కుడికి, పైకి క్రిందికి నడిపించును. తెర లోపలి పూత వాటి తాకిడికి వెలుగును. ఇట్లు 625 గీతలతో ఒక బొమ్మ, క్షణమునకు 25 బొమ్మలు. మన కన్ను వానిని కలిపి కదలికగా భావించును.

ఇట్టి పెట్టెలు ఎచట దొరకును? పట్టణపు తుక్కు కొట్లలో దొరకునవి తరచు గుల్లలు. రాగితీగ కొరకు వానిని ముందే విప్పియుందురు. మంచివి దొరకుట పదవీ విరమణ చేసిన కార్మికుల స్వగ్రామములలో. క్వార్టరు ఖాళీ చేసి సామాను లారీలో పల్లెకు చేర్చినపుడు, పని చేయకున్నను పారవేయ మనసొప్పక అటకమీదనో, ధాన్యపు గదిలోనో ఉంచినవి అవి. పాత రిపేరు దుకాణముల వెనుకగదులును, కార్మికుల సి.ఇ.ఆర్. క్లబ్బుల వంటి చోట్లును వెదకదగినవే. డయనోరా, సాలిడేర్, కెల్ట్రాన్, ఇ.సి. వంటి పేర్లు వాని నుదుట కనిపించును. త్రిప్పుడు మీటపై 2 నుండి 12 వరకు అంకెలు మాత్రమే ఉన్నచో అది కేబులు రాకకు ముందటి కాలపు కట్టుబడి అని ఊహించవచ్చును.

చూడవలసిన గుర్తులు కొన్ని. మొదట వెనుకటి అట్ట: దానిపై తయారీ సంఖ్య చీటి చిరగక ఉన్నచో పెట్టె తన అసలు తొడుగుతో ఉన్నట్లు. రెండవది కొయ్య: అడుగుభాగమున, కాళ్లు బిగించిన చోట చెదపుట్ట మన్ను ఉన్నదేమో వేలితో తట్టి చూడవలెను, బోలు శబ్దము వచ్చినచో కొయ్య పోయినట్లే. మూడవది తీగలు: ఎలుక కొరికిన తీగ పెక్కు ప్రమాదములకు మూలము. నాలుగవది గాజుబుడ్డి మెడ: లోపల అద్దమువలె మెరయు వెండిరంగు మచ్చ ఉండును. అది మెరయుచున్నచో బుడ్డి బ్రతికియున్నది. పాలవలె తెల్లబడినచో లోనికి గాలి చొచ్చినది. ఇక బొమ్మ రాదు. ఐదవది ధూళి. అధిక వోల్టేజి గల భాగములు ధూళిని తమవైపు లాగుకొనును. బొగ్గు ఊళ్ల ధూళి నల్లనిది, విద్యుత్తును కొంత ప్రసరింపజేయునది. కనుక ఇచటి పెట్టెలను మెత్తని కుంచెతో పొడిగా శుభ్రము చేయించినగాని కరెంటు చూపరాదు.

దొరికిన సంబరములో వెంటనే ప్లగ్గు పెట్టుట మహా ప్రమాదము. ఏండ్ల తరబడి ఊరకున్న పెట్టెలో విద్యుత్తును నిలువజేయు కెపాసిటర్లు ఎండిపోయి యుండును. ఒక్కసారిగా కరెంటు తగిలినచో పగులును, మంట పుట్టును. అనుభవజ్ఞుడైన మెకానిక్కు వరుసలో ఒక బల్బు కలిపి, మెల్లమెల్లగా వోల్టేజి పెంచును. ఇంకొక మాట. గాజుబుడ్డి తానే ఒక కెపాసిటరు వంటిది; మీట ఆపిన తరువాతను దానిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. మెడకు దెబ్బ తగిలినచో బుడ్డి లోనికి కూలి గాజుపెంకులు చిమ్మును. వెనుకటి అట్ట విప్పు పని పిల్లలది కాదు, ఔత్సాహికులది కాదు. పనికిరాని బుడ్డిని చెత్తకుప్పపై పగులగొట్టరాదు. ఆ గాజులో సీసము కలదు.

సరిచేసిన పెట్టెలో ఏమి కనిపించును? ఆకాశమునుండి నేరుగా అందుకొనుటకు ఇపుడు ఏమియు లేదు. పాత పద్ధతి ప్రసార కేంద్రములను కొన్ని ప్రత్యేక ప్రాంతములు మినహా 2022 నాటికి దూరదర్శన్ ఆపివేసినది. సెట్ టాప్ పెట్టెనుండి వచ్చు సంకేతమును పాత ఛానలు తరంగముగా మార్చు చిన్న పరికరమును నడుమ కలిపినచో నేటి వార్తలే ఆ పాత తెరపై కనిపించును. దానికై శ్రమపడుట అవసరమా అనువారికి మా సమాధానము ఇది: వెలుగకున్నను ఆ పెట్టె విలువ తగ్గదు, దాని కథ దానితో ఉన్నంతవరకు.

అసలు తొందరపడవలసినది ఈ కథ విషయమున. గనులు మూతపడిన చోట్ల, ఓపెన్ కాస్టు గనులు విస్తరించిన చోట్ల పాత కాలనీలు, పల్లెలు తొలగిపోవుచున్నవి. యిల్లు పోయిన తరువాత పెట్టె ఒక్కటే దొరికినచో అది అంగడి సరకు మాత్రమే. కనుక పెట్టెను కొనువారు, దాచుకొన్నవారు కూడ ఒక నోటు పుస్తకము తీయవలెను. కొన్న సంవత్సరము, దుకాణమున్న ఊరు, ఎన్ని నెలల జీతము కూడబెట్టినది, ఏ క్వార్టరులో ఏ గదిలో ఏ గోడ పక్కన నిలిచినది, ఆంటెన్నాను పైకప్పున ఎవరు త్రిప్పెడివారు, ఎవరెవరు చూడవచ్చెడివారు అన్నవి వ్రాయవలెను. రశీదు గాని, పోస్టాఫీసులో రుసుము కట్టిన పాత లైసెన్సు పుస్తకము గాని ఉన్నచో దానితో కలిపి కట్టవలెను. రేడియోకు, టెలివిజనుకు ఆ లైసెన్సు 1980ల నడుమ రద్దయినది గనుక అది స్వయముగా ఒక కాలపత్రము. క్వార్టరు ఇంకను నిలిచియున్నచో, అందు నేడు కాపురమున్నవారి అనుమతితో ముందుగది ఛాయాచిత్రమొకటి తీసికొనుడు.

ఈ వివరములు చెప్పగలవారు ఆ యిళ్లలో కాపురము చేసిన తల్లులు. గనిలోనికి దిగినవారి పేర్లు మస్టరులో ఉన్నవి. యిల్లు నడిపినవారి పేర్లు ఎచటను లేవు. వారిని కూర్చుండబెట్టి అడుగుడు. ఆలస్యము చేయకుడు.