గోదావరి అడవులలో ఆదిమానవుడు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ములకలపల్లి పరిసర అడవులలో వేసవి వచ్చినదనగా వాగులు ఎండి గులకరాళ్ళు బయటపడును. పశువులను తోలుకొనిపోవు పిల్లలు ఆ రాళ్ళను విసరి ఆడుకొందురు. గోదావరి ప్రాంతపు వాగులలో అపుడపుడు తక్కిన వానివలె నున్నగా లేని రాయి ఒకటి కనబడవచ్చును. దాని కొస సన్నగాను, అంచులు రెండును పదునుగాను ఉండి, వెనుకభాగము పిడికిలిలో చక్కగా ఇముడును. అది పూర్వ మానవుని చేతిగొడ్డలి.

రాతిని చూచి మనిషి చేసినదని ఎట్లు చెప్పగలరని గ్రామములలో పెద్దలు అడుగుచుందురు. ప్రశ్న సబబైనదే. నీటిలో దొర్లిన రాతి అంచులు గుండ్రనగును. ఒక రాతితో మరియొక రాతి అంచును కొట్టినచో పెచ్చు ఊడి, ఆ చోట ఆల్చిప్ప లోపలి భాగము వంటి గుంట పడును. అట్టి గుంట ఒకటి దైవవశమున ఏర్పడవచ్చును. రెండు ప్రక్కల వరుసగా పది పన్నెండు ఉన్నచో అది బుద్ధిపూర్వకముగ చెక్కినదే.

1863 మే 30వ తేదీన మద్రాసు సమీపమున పల్లావరములో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇట్టి రాతిని గుర్తించెను. మన దేశపు ఆదిమానవుని చరిత్ర అంతటితో ఆరంభమైనది. ఆ ప్రాంతముననే అత్తిరంపాక్కములో దొరకిన చేతిగొడ్డళ్ళు సుమారు 15 లక్షల ఏండ్ల నాటివని ఇటీవలి పరిశోధనలు తేల్చినవి. వానిని చెక్కినవారు మన జాతి మానవులు కారు. మనకంటె ముందు ఉండి అంతరించిన వేరొక మానవజాతి వారు.

చేతిగొడ్డలి పట్టినవాడు దూరము నుండి మృగమును కొట్టలేడు. మడుగు చెంత మాటు వేసి గుంపుగా ముట్టడింపవలెను, లేదా పులి తిని విడిచిన కళేబరమును చేరి మాంసము కోసికొని, ఎముక పగులగొట్టి మూలుగ తీయవలెను. వేట ప్రతిదినము ఫలింపదు. కడుపు నింపినవి చాలవరకు దుంపలు, పండ్లు, తేనె. ఏ దుంప ఏ ఋతువున త్రవ్వవలెనో, ఏది విషము తీసి తినవలెనో ఎరుగుట వేట కంటె తక్కువ విద్య కాదు. ఈ అడవులలోని కోయలు, కొండరెడ్లు అట్టి విద్యను నేటికిని కాపాడుకొనుచున్నారు. అంతమాత్రమున వారిని ఆదిమానవులని పిలుచుట తగదు. వారు మనవలెనే నేటి మనుష్యులు, వ్యవసాయదారులు. అడవిని మనకంటె బాగుగ చదివినవారు.

కాలక్రమమున పనిముట్లు చిన్నవైనవి. గోరంత రాతి పలుకులను కఱ్ఱకో, ఎముకకో బంకతో అతికి బాణములు, కత్తులు చేసికొనిరి. దూరము నుండి మృగమును కొట్టుట మనుష్యునకు వీనితో మరింత సులభమైనది. దిగువ గోదావరి ప్రాంతమున దొరకిన ఇట్టి పలుకులను గూర్చి కమ్మియాడ్ అను పరిశోధకుడు 1924లోనే వ్యాసము ప్రకటించెను. నంద్యాల జిల్లాలోని జ్వాలాపురమున ఇవి సుమారు 35,000 ఏండ్ల నాటివి. ఆ జిల్లాలోనే బిళ్ళసర్గము గుహలలో ఖడ్గమృగపు ఎముకలు దొరకినవి. నేడు ఖడ్గమృగమును అడవిలో చూడవలెనన్నచో అస్సాము వంటి చోట్లకు పోవలెను!

వారు ఒకచోట నిలువక పోవుటకు కారణము మనకు తెలియనిది కాదు. మిరప కోతలకు కూలీలు పొరుగు ప్రాంతముల నుండి వచ్చి, పని తీరగనే మరలిపోవుట ఖమ్మం రైతులు ఏటేట చూచుచున్నదే. వానలలో మెరకకు, ఎండలలో నది దరికి, ఇప్ప రాలు కాలమున ఇప్పవనములకు పోవలెను. తరములు గడచినకొలది ఈ చిన్న ప్రయాణములే పెద్ద వలసలైనవి. మన జాతి మానవుడు ఆఫ్రికాలో పుట్టి, నదుల వెంటను సముద్రతీరముల వెంటను అట్లే ఆసియాకు వ్యాపించెను. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతము పగిలి, దాని బూడిద జ్వాలాపురము వరకు వచ్చి పడినది. ఆ బూడిదపొర క్రిందను పైనను రాతి పనిముట్లు దొరకినవి; అంతటి ఉత్పాతము పిదపను ఇచట మనుష్యులు బ్రతికిరన్నమాట.

పినపాక మండలములోని జానంపేట రాతి సమాధులు ఇంతటి పాతవి కావు. ఇనుము ఎరిగిన కాలపువి. జనులు వీనిని రాకాసి గుళ్ళందురు. రాక్షసులు కట్టలేదు, మన పూర్వులే కట్టిరి. లోపల బంగారమున్నదని కొందరు రాత్రివేళ బండలు పెకలించుచున్నారు. ఇట్టి సమాధులలో సాధారణముగ దొరకునవి ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు. బండ కదలినచో ఏ వస్తువు దేని ప్రక్కన ఉండెనో ఇక ఎవ్వరును చెప్పలేరు. నిధి దొరకినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది.

చేతిగొడ్డలి విషయమును అంతే. వాగులోనుండి తెచ్చి ఇంటి గూటిలో పెట్టినచో అది వట్టి రాయి. ఏ పొరలో, ఎంత లోతున, ఏ రాళ్ళ నడుమ ఉన్నదో తెలిసినపుడే దాని వయస్సు తేలును. కాబట్టి నాగలికిగాని బావి త్రవ్వకములోగాని అట్టిది తగిలినచో, దానిని ఉన్నచోటనే ఉంచి, పొలము పేరు, సర్వే నెంబరు, లోతు కాగితముపై వ్రాసి తహశీలుదారునకు అందజేయవలెను. వ్రాత రానివారికి బడిపంతులు సాయపడగలరు.